పాడిన మనిషి పేరెక్కడ?

మా చిన్నతనంలో సూర్యాపేటలో సినిమాకి వెళ్తే అసలు బొమ్మ పడేముందు ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల రీలు ఒకటి పడేది. ఏదో ఆనకట్ట, లేకపోతే ఏదో నృత్యం, వెనక నుంచి ఒక గంభీరమైన మగ గొంతు. ఆ పది నిమిషాలూ మగవాళ్లు బయట సోడాబండి దగ్గరే ఉండిపోయేవాళ్లు. లోపల బెంచీల మీద కూచుని దాన్ని చూసింది ఆడవాళ్లూ, పిల్లలమూ. తెర మీద వరసగా చేతులు పట్టుకుని అడుగులేసే ఆడవాళ్లు ఫలానా తెగవాళ్లని, వాళ్లకు నృత్యమంటే ప్రాణమని ఆ గొంతు చెప్పేది. వాళ్లలో ఒక్కరి పేరు కూడా చెప్పేది కాదు. 1948లో మొదలైన ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ గొంతు మాత్రం పోలేదు. టీవీల్లోకి, అక్కణ్ణుంచి ఫోన్లలోకి వచ్చి కూచుంది.

ఏడాదిగా మేం కొందరం మిత్రులం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కళాకారుల మీద వచ్చిన డాక్యుమెంటరీలు వేసి చూపిస్తున్నాం. పెద్ద ఏర్పాట్లేమీ లేవు. అద్దె ప్రొజెక్టరు, గోడకు కట్టిన తెల్ల దుప్పటి, అడిగితే తాళం ఇచ్చే యూనియన్ ఆఫీసు. తెలుగులో లేని సినిమాలకు మాలో ఒకరు పక్కన కూచుని మైకులో చెప్పుకుంటూ పోతారు. బీడీలు చేసేవాళ్లు, రైస్‌మిల్లుల్లో ఊడ్చేవాళ్లు, టీచర్లు, అంగన్‌వాడీ వర్కర్లు, కాలేజీ పిల్లలు వస్తారు. "ఆడవాళ్ల మీద హింస గురించి సినిమా వేస్తే అర్థముంది, ఈ పాటలూ ఆటలూ ఎందుకు?" అని ఒక సీనియర్ కార్యకర్త మమ్మల్ని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఈ వ్యాసం ఒక రకంగా ఆమెకు జవాబు.

మన సంఘాల్లో కళను మీటింగుకు ముందు జనాన్ని కూడేసే సాధనంగా చూడటం అలవాటైపోయింది. పాట అయిపోతుంది, పాడినామె వెళ్లి వెనక కూచుంటుంది, ఉపన్యాసం మొదలవుతుంది. స్త్రీ శ్రమ గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనం పాటను శ్రమగా లెక్కెయ్యం. వంట "సహజంగా" వస్తుందన్నట్టే పాట కూడా పల్లెటూరి ఆడదానికి సహజంగా వస్తుందని అనుకుంటాం. సహజంగా వచ్చేదానికి కూలీ ఎందుకు, పేరెందుకు అనే మాట దాని వెనకే వస్తుంది. ఇంటిచాకిరీ విషయంలో మనం తిప్పికొట్టిన తర్కం ఇదే కదా!

మంచి సినిమాల గురించి చెప్పాలంటే ముందు పస్తాపూర్ గురించి చెప్పాలి. జహీరాబాద్ దగ్గరి ఈ ఊళ్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు కొందరు తొంభైల చివర్లో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు లేదు. తర్వాత వాళ్లే కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. 2003లో వరంగల్ పత్తి రైతుల మీద, బీటీ విత్తనాల మీద వాళ్లు తీసిన సినిమా దేశదేశాలు తిరిగింది. నాకు అంతకన్నా గొప్పగా తోచేది షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు. పైనుంచి కిందికి చూసే షాటు "పటేల్ షాటు". దొర అరుగు మీద నుంచి, గుర్రం మీద నుంచి వీళ్లను అట్లాగే చూసేవాడు గనక. కంటికి కన్ను సమానంగా ఉండేది "సంఘం షాటు". సంఘంలో అందరూ చాప మీద ఒక్క ఎత్తున కూచుంటారు గనక. సినిమా స్కూళ్లలో ఏళ్ల తరబడి చెప్పే దృశ్య రాజకీయాలను వీళ్లు రెండు మాటల్లో తేల్చేశారు. సోషియాలజీలో డాక్టరేటు తెచ్చుకున్న నాకు "పరిశోధకుడి స్థానం" గురించి చదివిన పుస్తకాలన్నిటికన్నా ఈ రెండు మాటలు ఎక్కువ పనికొచ్చాయి.

కళాకారుల మీద ఏ సినిమా చూసినా ఇప్పుడు మేం ముందు అడుక్కునేది ఇదే: ఇది పటేల్ షాటా, సంఘం షాటా? పటేల్ షాటు అంటే తిట్టడమే కానక్కర్లేదు. ఆకాశానికెత్తే పటేల్ షాటు కూడా ఉంటుంది.

సత్యజిత్ రాయ్ 1976లో బాలసరస్వతి మీద తీసిన "బాల" ఉంది. అర గంట సినిమా. ఆవిడ కదలికను దాచిపెట్టినందుకు ఆయనకు మనం రుణపడే ఉంటాం. కాని ఆమెను సముద్రం ఒడ్డున నిలబెట్టి ఆడించిన ఆ ప్రఖ్యాత దృశ్యం చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. గాలికి చీర ఎగిరిపోతుంటుంది, వెనక అలలు, ఎదురుగా ప్రేక్షకులెవరూ లేరు. చిన్న గదిలో, ఎదురుగా కూచున్న రసికుల కళ్లలోకి చూస్తూ అభినయించే కళ అది. ప్రకృతి మధ్యన పెట్టేసరికి ఆమె ఒక సంప్రదాయానికి వారసురాలిగా, నేర్చుకుని నేర్పిన పనిమంతురాలిగా కాక ప్రకృతిలోంచే పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంతకుముందు చెప్పిన "సహజం" అన్న మాటే ఇక్కడ ఇంకాస్త అందంగా ముస్తాబైంది. మాతో చూసినవాళ్లందరూ నాతో ఏకీభవించలేదు. సూర్యాపేటలో ఒక డ్యాన్సు టీచరు, "మీరు చీరను చూశారు మేడం, నేను చేతులు చూశాను" అంది. ఆమె మాటా నిజమే.

సబా దేవాన్ తీసిన "ది అదర్ సాంగ్" (2009) మాత్రం ఎవరూ తప్పక చూడవలసిన సినిమా. బనారస్ గాయని రసూలన్ బాయి 1935లో గ్రామఫోను రికార్డు కోసం ఒక ఠుమ్రీ పాడింది. అందరికీ తెలిసిన రూపంలో ఆ పాటలో పువ్వు తగిలి నొచ్చేది గుండె. 1935 రికార్డులో మాత్రం ఆ చోట వక్షం అన్న అర్థం వచ్చే మాట ఉంది. ఆ ఒక్క మాట ఎట్లా మాయమైంది, ఎవరికి సిగ్గనిపించి మాయం చేశారు అని వెతుక్కుంటూ సబా దేవాన్ తవాయిఫుల ఇళ్లకు వెళ్తుంది. సినిమా అంతా ఒక్క మాట కోసం వెతుకులాటే. ఆ వెతుకులాటలో ఒక జాతి గాయనుల్ని "కుటుంబ స్త్రీల" గౌరవం కోసం ఎట్లా తుడిచిపెట్టారో మొత్తం బయటపడుతుంది.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. 1947 దాకా ఆ నిషేధం తొలగలేదు. రాసింది ఒక కళావంతురాలు, వెతికి తెచ్చింది ఒక కళావంతురాలు, అశ్లీలమన్నది సంస్కర్తలు. కోదాడలో సినిమా అయిపోయాక ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే బీడీలు చేసే ఒకామె మధ్యలో ఆపి, "మా బతుకమ్మ పాటల్లో గూడ గట్లాంటి మాటలుండె. బడి పంతులు ఒచ్చినంక తీసేసిన్రు" అంది. హాలంతా నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఇద్దరు ముగ్గురు ఆ మాటలు గుర్తుచేసుకోవడం మొదలుపెట్టారు. సినిమా చూపించినందుకు ఇంతకన్నా ఫలితం ఏం కావాలి?

కిమ్ లాంగినొట్టో 2013లో తీసిన "సల్మా" గురించి కూడా రెండు మాటలు. తమిళ కవయిత్రి సల్మాను వయసొచ్చిందని చదువు మాన్పించి ఇంట్లో పెట్టారు. పెళ్లయ్యాక అత్తింట్లోనూ అదే. మరుగుదొడ్డిలో దాక్కుని చిత్తు కాగితాల మీద రాసిన కవితలు తల్లి చేతుల మీదుగా బయటపడి పుస్తకమయ్యాయి. తర్వాత ఆమె పంచాయతీ అధ్యక్షురాలయింది. తీసింది బ్రిటిష్ దర్శకురాలు గనక ముస్లిం స్త్రీని "రక్షించే" చూపు ఉంటుందేమోనని నేను అనుమానంతోనే కూచున్నాను. కొంత ఉంది కూడా. కాని సల్మా తన తల్లితో, భర్తతో, అక్కచెల్లెళ్లతో ఒకే గదిలో కూచుని మాట్లాడే దృశ్యాల్లో ప్రేమా బందిఖానా ఒకే మనుషుల చేతుల్లోంచి ఎట్లా వస్తాయో కనిపిస్తుంది. మిర్యాలగూడలో ఆ రాత్రి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. 2018లో కులం తక్కువవాణ్ణి పెళ్లాడిందని తండ్రే అల్లుణ్ణి చంపించిన ఊరది. ఆ వార్తను టీవీలు పటేల్ షాటులో నెలల తరబడి చూపించాయి. ఆ కుర్చీల్లో కూచున్న తల్లులకు సల్మా తల్లి ముఖంలో ఏం కనిపించిందో నేను అడగలేదు.

ఆనంద్ పట్వర్ధన్ "జై భీమ్ కామ్రేడ్" (2011) మూడు గంటలకు పైగా ఉంటుంది. అందుకని రెండు రోజులుగా వేశాం. 1997లో ముంబయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో 10 మంది దళితులు చనిపోతే, అది భరించలేక వాగ్గేయకారుడు విలాస్ ఘోగ్రే ప్రాణం తీసుకున్నాడు. అక్కణ్ణుంచి మొదలైన సినిమాకు 14 ఏళ్లు పట్టింది. చివరి భాగంలో కబీర్ కళా మంచ్ గాయని శీతల్ సాఠే వస్తుంది. ఆమె తర్వాత 2013లో గర్భిణిగా ఉండగా అరెస్టయ్యింది. పాటకు ఇంత ధర ఉంటుందా అని కాలేజీ పిల్లలు ఆశ్చర్యపోయారు. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే తెలంగాణ పాట పాడినందుకు భువనగిరి స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు బెల్లి లలితను 1999లో ముక్కలుగా నరికి చంపారని చెబితే, ఆ గదిలో ముప్పై దాటినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఆమె పేరే తెలియదు.

స్త్రీవాద ఉద్యమానికి సొంత సినిమా చరిత్ర ఉందన్నది కూడా మన పిల్లలకు తెలియదు. హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్ 1980లో మిత్రులతో కలిసి "యుగాంతర్" అనే సినిమా బృందాన్ని మొదలుపెట్టింది. మూడేళ్లలో నాలుగు సినిమాలు తీశారు. అందులో "ఇది కథ మాత్రమేనా" (1983) మన స్త్రీ శక్తి సంఘటనతో కలిసి తీసింది. కూచుని మాట్లాడుకుంటూ కథ అల్లుకుని, తామే నటించారు. నలబై ఏళ్లు పైబడ్డాక డిజిటల్‌గా బాగుచేసిన ప్రతి చూస్తుంటే, ఒక పెళ్లయిన ఆడమనిషి తన కష్టం ఇంకొక ఆడమనిషికి చెప్పుకునే దృశ్యం దగ్గర కోదాడలో మళ్లీ అదే నిశ్శబ్దం. ఆ సంఘటనవాళ్లే 1986లో "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలు వాళ్ల గొంతుతోనే మనకందాయి. సూర్యాపేట ప్రాంతపు బిడ్డ మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటల్లో దొరల దోపిడీని కట్టి పాడి జనాన్ని కూడేసేది. 2022లో ఆమె చనిపోయేదాకా కెమెరాలు ఆమె ఇంటికి వెళ్తూనే ఉన్నాయి. ఆ ముఖాముఖీలు చూస్తుంటే, తుపాకీ గురించి అడిగినంత శ్రద్ధగా పాట గురించి అడగలేదనిపిస్తుంది. ఏ వరస, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ చరణం ఏ ఊళ్లో మార్చింది? తుపాకీ పట్టిన స్త్రీ మనకు చరిత్ర. పాట కట్టిన స్త్రీ ఆ చరిత్రకు నేపథ్య సంగీతం.

ఇక నా తప్పు గురించి చెప్పాలి.

ఇరవై ఏళ్ల కింద నా పరిశోధన కోసం కోదాడ దగ్గరి ఊళ్లలో నాట్ల పాటలు రికార్డు చేశాను. సాగర్ ఎడమ కాలువ కింద ఏడాదికి రెండు కార్లు నాట్లు పడే చోటు. అక్కడ ఒక అవ్వ దగ్గర 60కి పైగా పాటలు దొరికాయి. నా సిద్ధాంత గ్రంథంలో ఆమె ఎవరో తెలుసా? "సమాచారదాత 7". మా శాస్త్రంలో అది నియమం. మనిషిని కాపాడటానికి పేరు దాచాలి. మొగుడి చేత దెబ్బలు తిన్నామె గురించి రాస్తే ఆ నియమం ఆమెను నిజంగానే కాపాడుతుంది. పాట కట్టినామె విషయంలో అదే నియమం దొంగతనం అవుతుంది. ఈ తేడా నాకు విశ్వవిద్యాలయంలో ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది.

ఆ అవ్వ దగ్గరికే కొన్నేళ్ల కింద వీడియో తీసేవాళ్లు వచ్చారట. ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఒకరోజంతా పొలంలో దింపి, చీర మార్పించి, పాడిందే పాడించుకున్నారు. పోతూ పోతూ ఐదొందలు చేతిలో పెట్టారు. తర్వాత ఆ పాట కీబోర్డు మోతతో, పట్నం పిల్ల గొంతుతో యూట్యూబులో వచ్చింది. కింద "జానపదం" అని ఉంది, సేకరణ అని ఒక మగమనిషి పేరుంది. చివర్లో అర నిమిషం అవ్వ నాటు వేస్తూ కనిపిస్తుంది. అక్కడా పేరు లేదు.

చట్టం ఏమంటుందని చూశాను. 1957 నాటి కాపీరైటు చట్టంలోకి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులు వచ్చాయి. ప్రదర్శకులంటే ఎవరో చెబుతూ నటులు, గాయకులు, నర్తకులతో పాటు పాములాడించేవాళ్లను కూడా కలిపారు. చాలా సంతోషం. 2012 సవరణ ఇంకో అడుగు వేసి, ప్రదర్శించినవాళ్లకు తమ పేరు చెప్పించుకునే నైతిక హక్కు ఇచ్చింది. అదే సవరణలో మెలిక కూడా ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన ఏదో సందర్భవశాత్తూ వచ్చిపోతుందో, పరిశ్రమ అలవాటు ప్రకారం ఎవరి పేరు ఎక్కడా వెయ్యరో, వాళ్లు అసలు ప్రదర్శకులే కారు. వాళ్ల పనిని పరువు పోయేలా వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే మిగులుతుంది. అంటే ఇన్నాళ్లూ పేరు వెయ్యకపోవడమే ఇకముందు వెయ్యకపోవడానికి ఆధారం! రికార్డుకు కర్త పాడినామె కాదు, దాన్ని తీయించిన నిర్మాత. ఇక "జానపదం" అన్న ముద్ర పడితే పాటకు రచయిత కూడా ఉండరు. పొలానికి పట్టా ఉండదు, పాటకు పేరుండదు. రెండు చోట్లా పనిచేసేది మాత్రం ఆ అవ్వే.

అందుకే ఆ సీనియర్ కార్యకర్తకు నా జవాబు: ఇదీ హక్కుల సమస్యే. కనీస వేతనాల కోసం కొట్లాడినట్టే పాడినందుకు కూలీ, తెర మీద పేరు, తీసినదాన్ని మొదట పాడినవాళ్ల ఊళ్లోనే చూపించడం, ఈ మూడూ అడగాలి. అందరికన్నా ముందు మన సంఘాలే మన కరపత్రాల్లో, మన వీడియోల్లో ఇది పాటించాలి. మన పాత క్యాసెట్ల అట్టల మీద "బృందం" అని వేసుకున్నవి ఎన్ని లేవు? ఆలస్యం చేస్తే మిగిలేది కూడా లేదు. కోదాడ, మిర్యాలగూడ పొలాల్లోకి ఇప్పుడు నాటు వెయ్యడానికి బీహారు నుంచి, బెంగాలు నుంచి మగ కూలీల గుంపులు వస్తున్నాయి, యంత్రాలూ వస్తున్నాయి. వాళ్ల పొట్ట వాళ్లది, వాళ్లను అని లాభం లేదు. నాటుతో పాటు నాట్ల పాట కూడా ఆడవాళ్ల చేతుల్లోంచి పోతున్నది.

పోయిన నెల నా పాత రికార్డింగులు, ఆ యూట్యూబు వీడియో పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. నేను రాసిన గ్రంథంలో ఆమె పేరు లేదని చెప్పాను. ఈ వ్యాసంలో పేరు రాయనా అని అడిగాను. "రాద్దువు గని, ముందుగాల నా పాట నాకు ఇనిపియ్యి బిడ్డా" అంది. ఇరవై ఏళ్లలో ఆ పాట ఆమెకు వినిపించాలని నాకు ఒక్కసారి తోచలేదు.

విన్నది. యూట్యూబు వీడియోకు పెదవి విరిచి, "రాగం సాగదీసిన్రు, ఇట్ల పాడుకుంట నాటేస్తే పొద్దూకినా మడి తెగదు" అంది. నా రికార్డింగు పెట్టాను. కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత, "ఎనకాల అందుకుంటున్నది ఇనొచ్చిందా? నేనొక్కదాన్నే పాడిన్నా? తొమ్మిది మందిమి. రెండో అడ్డ కట్టింది నేను గాదు, మా తోడికోడలు. నా ఒక్కదాని పేరు ఏస్తే వాళ్లేమనుకుంటరు?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఒక పాటకు ఒక రచయిత, ఒక పేరు అని నేను చట్టం లెక్కనే ఆలోచిస్తూ వచ్చాను. అవ్వ అడిగేది సంఘం షాటు. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు చనిపోయారు, ఒకామె కొడుకు దగ్గర సూరత్‌లో ఉంటుంది, మిగతావాళ్లను అడగాలి. అడగకుండా ఇక్కడ ఒక్క పేరు కూడా రాయొద్దంది. అందుకే రాయలేదు.

నా సంచిలో ఉన్న కరపత్రం వెనక్కి తిప్పి పేర్లు రాసుకుంటానన్నాను. అవ్వ వేళ్లు మడుస్తూ ఇంటిపేర్లతో సహా ఒక్కొక్కటే చెప్పింది. ఎనిమిదో పేరు దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి, పక్కింటి గోడ మీదుగా కేకేసింది, ఆ ఏడు నాట్లకు వచ్చిన తొమ్మిదో మనిషి ఎవరో ఆమెకేమన్నా యాదికున్నదేమోనని.